మీకు తెలుసా? ట్రక్కు బరువులో కొంత ట్రాక్టరే మోస్తుంది

కంకిపాడు పొలాల నుంచి ధాన్యం బస్తాలను, ఉయ్యూరు చక్కెర కర్మాగారానికి చెరకును చేరవేసే రెండు చక్రాల ట్రక్కు, అంటే ట్రాక్టరు వెనుక తగిలించే బండి, తన బరువులో కొంత భాగాన్ని ట్రాక్టరు హుక్కుపైనే మోపుతుంది. సరుకు మరీ ముందుకు చేరితే, కాలువగట్టు ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు నేలను వీడి స్టీరింగు అదుపు తప్పుతుంది. మరీ వెనక్కి చేరితే హుక్కు పైకి లేచి, ట్రాక్టరు వెనుక చక్రాల పట్టు సన్నగిల్లుతుంది.

ట్రాక్టరునూ ట్రక్కునూ కలిపే పిన్ను కింది కొసన అడ్డంగా దూర్చే చీల వేలెడంతే అయినా అసలు కాపలా దానిదే. అది లేకుంటే గతుకులకు పిన్ను ఎగిరి ట్రక్కు విడిపోగలదు. పొలంలో మలుపుల కోసం విడివిడిగా తొక్కే కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను బందరు రోడ్డెక్కే ముందే కలిపి బిగించాలి. లేకుంటే ఒకవైపే బ్రేకు పడి ట్రాక్టరు పక్కకు తిరుగుతుంది, వెనుక ట్రక్కు దాన్ని ఇంకా నెడుతుంది.