కోర్టు కాదన్నా కూలని హోటల్: మధ్యధరా తీరంలో ఇరవై ఏళ్ల తగాదా

1962లో వచ్చిన 'లారెన్స్ ఆఫ్ అరేబియా' చూసినవాళ్లకు అకాబా మీద దాడి దృశ్యం గుర్తుండే ఉంటుంది. గుర్రాలు, ఒంటెలు దుమ్ము రేపుకుంటూ ఊళ్లోకి దూసుకుపోతాయి. వాటి వెంటే కదిలిన కెమెరా చివరికి సముద్రం దగ్గర ఆగుతుంది. ఆ సముద్రం జోర్డాన్‌ది కాదు. స్పెయిన్ ఆగ్నేయ కొసన అల్మెరియా జిల్లాలో ఉన్న అల్గరోబికో బీచ్ అది. కరెంటు స్తంభం, కొత్త మేడ కంటపడని ఖాళీ తీరం సినిమావాళ్లకు కావాల్సి వచ్చింది. అక్కడ అకాబా ఊరిని సెట్‌గా కట్టుకుని షూటింగ్ చేశారు.

అదే బీచ్‌లో కొండను మెట్లుమెట్లుగా తొలిచి 21 అంతస్తుల హోటల్ కట్టారు. గదులు 411. ఒక్క అతిథి కూడా అందులో దిగలేదు. 2006 ఫిబ్రవరిలో, దాదాపు పూర్తయిన దశలో, ఒక జడ్జి పని ఆపించారు. అది కట్టకూడని నేల అని 2016లో స్పెయిన్ సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లకు, 2025 ఫిబ్రవరిలో, 'కూల్చివేతకు వీలుగా భూమి తీసుకుంటాం' అని కేంద్ర ప్రభుత్వం ప్రకటించే నాటికి కూడా హోటల్ చెక్కుచెదరలేదు.

చట్టం ఉంది, తీర్పు ఉంది, ఉద్యమం ఉంది. అయినా భవనం కూలలేదు. ఇది ఒక హోటల్‌కే పరిమితమైన కథ కాదు. మధ్యధరా తీరంలో 'ఇంక చాలు, కట్టకండి' అంటున్న ఊళ్లన్నిటికీ ఎదురవుతున్న చిక్కు ఇదే.

ఈ తీరం ఎందుకు మిగిలింది?

స్పెయిన్ తూర్పు, దక్షిణ తీరాలు 1950ల దాకా చేపలు పట్టే పల్లెలు. బెనిడోర్మ్ అలాంటిదే. 1956లో అక్కడి మేయర్ పెద్ద పట్టణ ప్రణాళిక తెచ్చారు. వెడల్పాటి రోడ్లు, హోటళ్లు, ఆ తర్వాత ఆకాశాన్నంటే టవర్లు వచ్చాయి. నియంత ఫ్రాంకో ప్రభుత్వానికి విదేశీ మారకం కావాలి. ఉత్తర ఐరోపా కార్మికుడికి వారం రోజుల ఎండ కావాలి. ఆ రెండు అవసరాలూ ఈ తీరం మీద కలుసుకున్నాయి. పర్యాటకం ఆ ప్రభుత్వానికి ఎంత ప్రాణమో చెప్పడానికి ఒక సంఘటన చాలు. 1966 జనవరిలో అమెరికా బాంబర్ విమానం కూలి నాలుగు హైడ్రోజన్ బాంబులు అల్మెరియా తీరంలోనే పలోమారెస్ అనే పల్లె దగ్గర పడ్డాయి. రెండు నెలలకు పర్యాటక మంత్రి మాన్యుయెల్ ఫ్రాగా స్వయంగా సముద్రంలో ఈత కొట్టి ఫొటోలు తీయించుకున్నారు. నీళ్లు బాగానే ఉన్నాయని ప్రపంచానికి చూపించడానికి!

అయినా అల్మెరియాలోని కాబో దె గాటా వైపు తీరం మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. ఐరోపాలో వానలు అతి తక్కువగా పడే చోట్లలో అదొకటి. నీళ్లు లేవు, సరైన రోడ్లు లేవు. హెనోవేసెస్ బీచ్ చుట్టూ ఉన్న పెద్ద ఎస్టేటు డోన్యా పకీతా అని అందరూ పిలిచే ఒక భూస్వామినిది. బిల్డర్లు ఎంత అడిగినా ఆమె అమ్మలేదని అక్కడివాళ్లు ఇప్పటికీ కృతజ్ఞతతో చెప్పుకుంటారు. 1987లో అండలూసియా ప్రాంతీయ ప్రభుత్వం ఈ తీరాన్ని 'కాబో దె గాటా-నిహార్' సహజ ఉద్యానంగా ప్రకటించింది. 1997లో యునెస్కో జీవావరణ రిజర్వుల్లోనూ చేరింది. అంటే చట్టం వచ్చేదాకా ఈ తీరాన్ని కాపాడింది కరువు, దారి లేకపోవడం, ఒక మనిషి మొండితనం. మొదటి రెండూ ఎంతో కాలం నిలిచే రక్షణలు కావు. డీశాలినేషన్ ప్లాంటు వస్తే నీళ్లు వస్తాయి, హైవే వస్తే దారి వస్తుంది. అల్మెరియాకు రెండూ వచ్చాయి.

మున్సిపాలిటీ లెక్కలు

1988లో స్పెయిన్ తీర చట్టం తెచ్చింది. దాని ప్రకారం బీచ్ ఎవరి సొత్తూ కాదు, ప్రజలది. తీర రేఖ నుంచి లోపలికి 100 మీటర్ల వరకు ఇళ్లు, హోటళ్లు కట్టకూడదు. అప్పటికే పట్టణంగా మారిన చోట్ల ఆ హద్దు 20 మీటర్లే. కాగితం మీద కట్టుదిట్టమైన చట్టమే. కానీ ఏ నేల మీద ఏం కట్టవచ్చో మొదట గీసేది స్థానిక మున్సిపాలిటీ. లైసెన్సు ఇచ్చేదీ అదే. నిర్మాణ ఖర్చు మీద 4 శాతం దాకా పన్ను వసూలు చేసుకునేదీ అదే. కొన్ని వేల జనాభా ఉన్న ఊరికి 400 గదుల హోటల్ అంటే ఒక్కసారిగా వచ్చి పడే ఆదాయం. ఆ పైన ఏటా ఆస్తిపన్ను. ఈ లెక్క తెలిశాక, మేయర్లందరినీ అవినీతిపరులని తిట్టిపోయడం సులువైన పని అనిపిస్తుంది. అవినీతి లేదని కాదు. మార్బెయా పురపాలక మండలినే 2006లో కేంద్ర ప్రభుత్వం రద్దు చేయాల్సి వచ్చింది. కానీ నిజాయితీపరుడైన మేయర్‌ని కూడా ఈ ఏర్పాటు నిర్మాణం వైపే నెడుతుంది.

దానికి తోడు 1998 నాటి భూచట్టం వచ్చింది. ప్రత్యేకంగా రక్షించాలని చెప్పని భూమంతా నిర్మాణానికి పనికొచ్చేదే అన్నది దాని సారాంశం. యూరో రాకతో వడ్డీలు పడిపోయాయి, బ్యాంకులు అప్పులు కుమ్మరించాయి. ఒక్క 2006లోనే దేశంలో 8 లక్షలకు పైగా కొత్త ఇళ్లకు అనుమతులు వచ్చాయి. ఎక్కువ ఒత్తిడి తీరం మీదే పడింది.

ఉత్తరాన వలెన్సియాలో పరిస్థితి ఇంకా విడ్డూరం. 1994 నాటి ఒక ప్రాంతీయ చట్టం కింద, భూమి లేని బిల్డరు కూడా ఒక ప్రణాళిక గీసి మున్సిపాలిటీ చేత ఒప్పించుకోవచ్చు. అప్పుడు అక్కడి యజమానులు తమ స్థలంలో కొంత వదులుకోవాలి. పైగా రోడ్లు, డ్రైనేజీ ఖర్చులో వాటా కట్టాలి. పింఛను డబ్బుతో చిన్న ఇల్లు కొనుక్కున్న స్పెయిన్, బ్రిటన్, జర్మనీ వృద్ధులు బిత్తరపోయారు. వేల ఫిర్యాదులు ఐరోపా పార్లమెంటుకు చేరాయి. 2009లో డెన్మార్క్ సభ్యురాలు మార్గ్రెట్ ఆవ్కెన్ తయారుచేసిన నివేదికను పార్లమెంటు ఆమోదించింది. అది స్పెయిన్ తీర నిర్మాణాల తీరును ఘాటుగా తప్పుపట్టింది. అప్పటికే బుడగ పగిలిపోయింది. సగంలో ఆగిన అపార్ట్‌మెంట్ల అస్థిపంజరాలు తీరం పొడవునా మిగిలాయి.

ఊరు కోరుకున్నది వేరు

అల్గరోబికో కార్బోనెరాస్ మున్సిపాలిటీలోకి వస్తుంది. 2003లో లైసెన్సు ఇచ్చింది అదే. ప్రాంతీయ ప్రభుత్వం కూడా మొదట్లో అడ్డు చెప్పలేదు. పర్యావరణ సంఘాలు కోర్టుకెక్కాయి. 2014లో గ్రీన్‌పీస్ కార్యకర్తలు భవనం గోడ మీదికెక్కి 'అక్రమ హోటల్' అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసినప్పుడు ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది.

ఇక్కడే బయటివాళ్లకు తట్టని మెలిక ఒకటుంది. కార్బోనెరాస్‌లో చాలామంది హోటల్ తెరవాలనే కోరుకున్నారు. మున్సిపాలిటీ ఏళ్ల తరబడి ఆ వైపే నిలబడింది. ఊరి చుట్టూ ఉద్యానవనం, మధ్యలో వీళ్లు. ఊరికి ఉన్నవి చేపల వేట, సిమెంటు ఫ్యాక్టరీ, బొగ్గుతో నడిచే కరెంటు కేంద్రం, రోజుకు 1,20,000 ఘనపు మీటర్ల నీటిని శుద్ధి చేయగల డీశాలినేషన్ ప్లాంటు. ఇందులో కరెంటు కేంద్రం 2021లో మూతపడింది. 'పొగగొట్టాలు, సిమెంటు దుమ్ము మాకు, అందమైన కొండలు చూడ్డానికి వచ్చేవాళ్లకా?' అని అక్కడి మనిషి అడిగితే తేలిగ్గా కొట్టిపారేయలేం. తీరాన్ని కాపాడాలని రోడ్డెక్కినవాళ్లలో బయట నగరాలవాళ్లు, విశ్రాంత జీవితం కోసం వచ్చి స్థిరపడ్డవాళ్లు ఎక్కువని వీళ్ల ఫిర్యాదు. అందులో కొంత నిజముంది. తీరం మీద అందరికంటే ముందు చోటు దక్కించుకున్నవాళ్లే తలుపు మూయమంటున్నారన్న అనుమానం ఇలాంటి ప్రతి ఉద్యమాన్నీ వెంటాడుతుంది.

మరి హోటల్ ఇచ్చే పని ఎలాంటిది? జూన్ నుంచి సెప్టెంబరు దాకా గదులు సర్దడం, గిన్నెలు కడగడం, బార్‌లో వడ్డించడం. తర్వాత నిరుద్యోగ భృతి. యాభై ఏళ్లుగా పర్యాటకం మీదే బతుకుతున్న బాలియారిక్ దీవుల అనుభవం కార్బోనెరాస్ ముందే ఉంది. తీరాన్ని ఇష్టమొచ్చినట్టు కట్టేయడానికి 'బాలియరీకరణ' అన్న మాట పుట్టింది ఆ దీవుల పేరు మీదే. అక్కడ నివాసులు సుమారు 12 లక్షలు. 2024లో వచ్చిన పర్యాటకులు కోటీ 80 లక్షలకు పైనే. ఆ వేసవిలో రాజధాని పాల్మాలో వేలమంది వీధుల్లోకి వచ్చారు. వాళ్లలో హోటల్ ఉద్యోగులు, నర్సులు, టీచర్లు ఉన్నారు. వాళ్ల మొదటి ఫిర్యాదు అద్దెలు. పర్యాటకుడికి రోజుకింత అని ఇచ్చే ఇంట్లో స్థానికుడు నెలజీతంతో ఉండలేడు. అదే ఏడాది మాలాగాలోనూ ఇవే ప్రదర్శనలు. హోటల్ కావాలన్న ఊరు, పర్యాటకులు వద్దన్న ఊరు ఒకే బాటలో వెనకాముందూ నడుస్తున్నాయేమో అనిపిస్తుంది.

ఇక బీచ్ సంగతి. తీరానికి భవనం చేసే హాని కంటికి కనిపించే దానితో ఆగదు. మధ్యధరాలో ఇసుకను పట్టి ఉంచేది పొసిడోనియా అనే సముద్ర గడ్డి. అది అడ్డంగా పాకేది ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే. ఒక లంగరు పీకేసిన మడి మళ్లీ పచ్చబడటానికి దశాబ్దాలు పడుతుంది. చలికాలంలో దాని ఎండాకులు ఒడ్డున గట్టులా పేరుకుని, అలల దెబ్బ నేరుగా ఇసుక మీద పడకుండా ఆపుతాయి. ఈ ఆకులు పర్యాటకులకు చెత్తలా కనిపిస్తాయి. అందుకని చాలాచోట్ల ట్రాక్టర్లతో ఎత్తిపోస్తారు. ఇసుక దిబ్బల మీద కట్టడాలు లేస్తే వెనకనుంచి వచ్చే ఇసుకా ఆగుతుంది. కొన్నేళ్లకు బీచ్ సన్నబడుతుంది. అప్పుడు ఇంకెక్కడినుంచో ఇసుక తెచ్చి పోయాలి. బీచ్ కోసం వచ్చిన హోటల్ బీచ్‌నే తినేస్తుంది.

తీర్పుకీ కూల్చివేతకీ మధ్య

2016 తీర్పుతో వ్యవహారం ముగియాలి. ఈ నేల రక్షిత ప్రాంతమని, నిర్మాణానికి పనికిరాదని సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది. హోటల్ ఉన్న భూమి మీద ప్రాంతీయ ప్రభుత్వ హక్కునూ సమర్థించింది. కానీ నేల అక్రమమని తేలడం వేరు, 2003 నాటి లైసెన్సు రద్దు కావడం వేరు. లైసెన్సు రద్దు చేయాల్సింది ఇచ్చిన మున్సిపాలిటీయే. అది ఏళ్లకేళ్లు నానబెట్టింది. లైసెన్సు బతికుండగా కూల్చమని నేరుగా ఆదేశించలేమని 2021లో అండలూసియా హైకోర్టు చెప్పింది. ఈలోపు కూల్చే ఖర్చు ఎవరిది, శిథిలాలు ఎత్తే బాధ్యత ఎవరిది, కంపెనీకి పరిహారం ఇవ్వాలా వద్దా అని మాడ్రిడ్‌కీ సెవియాకీ మధ్య వాదన. బాధ్యతలు పంచుకుంటామని 2011లోనే ఒప్పందం రాసుకున్నారు. అది కాగితం మీదే ఉండిపోయింది.

మన పాఠకులకు కొచ్చి దగ్గరి మరడు గుర్తొస్తుంది. తీర నియంత్రణ నిబంధనలు ఉల్లంఘించారని 2019 మేలో మన సుప్రీంకోర్టు నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలను కూల్చమంది. 2020 జనవరి 11, 12 తేదీల్లో రెండు రోజుల్లో పేల్చేశారు. స్పెయిన్‌లో ఖాళీ హోటల్‌ని కదపలేకపోతే, ఇక్కడ జనం కాపురమున్న ఇళ్లు నేలమట్టమయ్యాయి. ఏది మేలు? మరడులో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు కొనుగోలుదారులు. అనుమతి ఇచ్చిన పంచాయతీ, కట్టిన బిల్డర్లు అంతగా నష్టపోలేదు. వేగం ఒక్కటే న్యాయం కాదు. పైగా రెండు దేశాల్లోనూ చట్టం క్రమంగా వదులవుతోంది. స్పెయిన్ 2013లో తీర చట్టాన్ని సవరించి, బీచ్ మీద అప్పటికే ఉన్న కట్టడాల గడువును 75 ఏళ్ల దాకా పొడిగించే వీలు కల్పించింది. మన 2019 నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ తీరాల్లో నిర్మాణ నిషేధ హద్దును 200 మీటర్ల నుంచి 50కి కుదించింది.

కాబో దె గాటా నివాసులు ఇప్పుడు చిన్న వాటికి కూడా ఉలిక్కిపడుతున్నారు. 2020లో హెనోవేసెస్ బీచ్ దగ్గర ఒక పాత వ్యవసాయ క్షేత్రాన్ని చిన్న హోటల్‌గా మారుస్తామనే ప్రతిపాదన వచ్చింది. అల్గరోబికోతో పోలిస్తే అది పూచికపుల్ల. పాత కట్టడానికి మరమ్మతే కదా అని సమర్థకులు అన్నారు. స్థానిక సంఘాలు సంతకాల ఉద్యమం మొదలుపెట్టగానే లక్షలమంది సంతకం చేశారు. హోటల్ పక్కన పార్కింగ్, దానికో రోడ్డు, రోడ్డు పక్కన ఇంకో హోటల్ అన్న వరస వాళ్లకు కంఠతా వచ్చు.

2025 ఫిబ్రవరి ప్రకటనలో కేంద్రం తీసుకుంటానన్నది కూడా హోటల్ మొత్తాన్ని కాదు. తీర చట్టం పరిధిలోకి వచ్చే భాగాన్నే. మిగతాది ప్రాంతీయ ప్రభుత్వం చూసుకోవాలి. ఒకే భవనం, ఇద్దరు బాధ్యులు, మధ్యలో కొలత గీత. బీచ్‌కి ఈత కొట్టడానికి వచ్చేవాళ్లు మాత్రం ఎప్పటిలాగే దానికి వీపు తిప్పి కూర్చుంటున్నారు.