వాలు కుర్చీలో వాయువేగం

వెనక్కి వాలి తొక్కే రికంబెంట్ సైకిల్ చదును దారిలో మామూలు రేసు సైకిల్‌ను మించిపోతుంది. అయినా 1934 నుంచి అధికారిక పోటీల్లో దానికి చోటు లేదు. తేడా ఎంత? కారణం ఏమిటి?

అది 1933 జులై 7. పారిస్‌లోని ఒక సైకిల్ ట్రాక్ మీదికి ఫ్రాన్సిస్ ఫోర్ వచ్చిన తీరు చూస్తే పందెం కోసం వచ్చినట్టు లేదు. వాలు కుర్చీలో చేరబడి పేపరు చదవబోతున్నట్టు ఉంది. వీపు వెనక్కి ఆనించి, కాళ్లు ముందుకు చాచి పెడల్ తొక్కడం మొదలుపెట్టాడు. గంట గడిచేసరికి 45.055 కి.మీ. వెళ్లాడు. స్విట్జర్లాండ్ రేసరు ఆస్కార్ ఎగ్ 1914లో నెలకొల్పిన 44.247 కి.మీ. రికార్డు 19 ఏళ్ల తర్వాత బద్దలైంది.

ఫోర్ అప్పటికి మేటి రేసరేమీ కాదు, రెండో శ్రేణి ఆటగాడు. గొడవ అక్కడే మొదలైంది. గెలిచింది మనిషా, యంత్రమా? ఆ యంత్రం పేరు వెలోకార్. తయారు చేసింది షార్ల్ మోషే. తొక్కే నాలుగు చక్రాల బండ్లు చేసి అమ్మిన ఈ ఫ్రెంచి నిపుణుడు అదే కూర్చునే పద్ధతిని రెండు చక్రాల మీదికి తెచ్చాడు. గాలిని చీల్చే డొప్పలు, తొడుగులు ఏవీ దానికి లేవు. మారిందల్లా కూర్చునే తీరే.

ఇంతలో ఆగస్టు 29న మరో ఫ్రెంచి రేసరు మారిస్ రిషార్ బెల్జియంలో మామూలు సైకిల్ మీద గంటలో 44.777 కి.మీ. తొక్కాడు. ఫోర్ కంటే 278 మీటర్లు తక్కువ. ఎవరిది రికార్డు అనే ప్రశ్న అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ ముందుకు వచ్చింది. 1934లో సమాఖ్య అసలు సైకిల్ అంటే ఏమిటో కొత్తగా నిర్వచించింది. పెడళ్ల ఇరుసుకు సీటు ఎంత దూరంలో ఉండాలో కొలతలు రాసింది. ఆ కొలతల్లో వెలోకార్ ఇమడలేదు. తక్కువ దూరం తొక్కిన రిషార్‌కు రికార్డు దక్కింది. మోషే ఆ ఏడాదే కన్నుమూశాడు.

గాలితో కుస్తీ

వెలోకార్ గెలుపులో మాయ లేదు. చదును దారిలో గంటకు 40 కి.మీ. వేగంతో వెళ్లే సైక్లిస్టు శక్తిలో 80 శాతానికి పైగా గాలిని నెట్టడానికే ఖర్చవుతుంది. పైగా వేగం రెట్టింపు చేయాలంటే గాలిని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఆ గాలికి ఎక్కువగా అడ్డుపడేది సైకిల్ కాదు, దాని మీది మనిషే. రేసర్లు నడుం వంచి హ్యాండిల్ మీదికి ఒదిగిపోయేది అందుకే. రికంబెంట్ సైక్లిస్టుకు ఆ అవస్థ లేదు. కాళ్లు ముందు, మొండెం వెనుక ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి గాలికి తగిలే శరీరమే తక్కువ. అదే బలంతో ఎక్కువ వేగం వస్తుంది.

దీనికి చుట్టూ నున్నటి తొడుగు కూడా చేరితే ఇక పోలికే ఉండదు. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో బ్యాటిల్ మౌంటెన్ దగ్గర 2016లో కెనడాకు చెందిన టాడ్ రైకర్ట్ ‘ఈటా’ అనే తొడుగు రికంబెంట్‌లో గంటకు 144.17 కి.మీ. వేగం అందుకున్నాడు. ఇంజిను లేదు, ముందు వాహనం చాటు లేదు. మైళ్ల కొద్దీ తొక్కుతూ వేగం పెంచుకున్నాక చివరి 200 మీటర్ల మీద తీసిన లెక్క ఇది. అదే 200 మీటర్లను 2024 పారిస్ ఒలింపిక్స్‌లో డచ్ వీరుడు హ్యారీ లావ్రేసన్ ట్రాక్ సైకిల్ మీద 9.088 సెకన్లలో దాటాడు. అంటే గంటకు 79 కి.మీ.

ఎత్తు ఎక్కితే సీన్ రివర్స్

అలాగని రికంబెంట్ ఎక్కడైనా రాజే అనుకుంటే పొరపాటు. ఘాట్ రోడ్డు మొదలవగానే కథ మారుతుంది. ఎక్కుడులో వేగం పడిపోతుంది కాబట్టి గాలి లెక్కలోకి రాదు, బరువే వస్తుంది. యూసీఐ నియమాల ప్రకారం రేసు సైకిల్ కనీసం 6.8 కిలోలు ఉండాలి, మేటి సైకిళ్లు ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. పొడవైన ఫ్రేము, పెద్ద సీటు, బారెడు చైను ఉన్న రికంబెంట్ బరువు 12 కిలోలు అనుకుందాం. తొక్కే మనిషి 75 కిలోలైతే మోయాల్సిన భారం ఆరు శాతం పెరుగుతుంది. మొదటివాడు గంటలో ఎక్కే కొండకు రెండోవాడికి అదే బలంతో మూడున్నర నిమిషాలు ఎక్కువ పడుతుంది. పైగా పెడళ్ల మీద లేచి నిలబడి, ఒంటి బరువంతా వేసి తొక్కే వీలు అతనికి లేదు.

రద్దీ రోడ్ల మీదా చిక్కులే. తల కారు కిటికీ ఎత్తులో ఉంటే లారీ డ్రైవరుకు కనిపించడం కష్టం. గుంత వచ్చినప్పుడు సీటు మీంచి లేచి కుదుపు తప్పించుకోలేరు. సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ కదలడానికీ అలవాటు కావాలి. మన రోడ్ల మీద ఇవి అరుదు కావడానికి ధర ఒక్కటే కారణం కాదు. అయితే వేగం కన్నా ఓపికకు పరీక్ష అయిన సుదూర యాత్రల్లో వీటికి తలుపులు తెరిచే ఉన్నాయి. 1,200 కి.మీ. పొడవైన పారిస్-బ్రెస్ట్-పారిస్ యాత్రకు రికంబెంట్లనూ అనుమతిస్తారు.

ఆగని పేచీ

యూసీఐ వాదననూ తోసిపుచ్చలేం. యంత్రానికి హద్దు లేకపోతే పోటీ మనుషుల మధ్య కాకుండా వర్క్‌షాపుల మధ్య జరుగుతుంది. కానీ హద్దు ఎక్కడ గీయాలన్నదే పేచీ. 1996లో బ్రిటన్ రేసరు క్రిస్ బోర్డ్‌మన్ చేతులు ముందుకు బారచాచి గంటలో 56.375 కి.మీ. తొక్కితే, 2000లో యూసీఐ దాన్ని వేరే జాబితాలోకి నెట్టి, 1972లో ఎడ్డీ మెర్క్స్ నెలకొల్పిన 49.431 కి.మీ.ను మళ్లీ ప్రమాణం చేసింది. 2014లో మనసు మార్చుకుని నియమాలు సడలించింది. 2022లో ఇటలీ రేసరు ఫిలిప్పో గన్నా 56.792 కి.మీ. తొక్కాడు.

మరి ఫోర్ ఏమయ్యాడు? నిషేధం తర్వాత కూడా అతను వెలోకార్‌ను వదల్లేదు. 1939లో దానికి తొడుగు తగిలించి గంటలో 50 కి.మీ. దాటేశాడు. అధికారిక పుస్తకాల్లో అది సైకిల్ రికార్డు కాదు. సమాఖ్య ఒప్పుకున్న సైకిల్ మీద ఇటలీ రేసరు ఫ్రాన్సెస్కో మోజర్ ఆ 50 కి.మీ. గీత దాటేసరికి 1984 వచ్చింది.