పెంపుడు తల్లికి ఇన్ని ప్రశ్నలెందుకు?



మనలో ఎవరైనా ‘ఫలానావాళ్లు పిల్లను పెంచుకున్నారట’ అంటే, దత్తత తీసుకున్నారనే అర్థం చేసుకుంటాం. దత్తతలో పిల్ల ఆ ఇంటి వారసురాలవుతుంది. ఈ పూట నేను చెప్పబోయేది మరో రకం పెంపకం గురించి. కన్నవాళ్లుండీ జబ్బువల్లనో, జైలువల్లనో, తీరని కష్టంవల్లనో సాకలేకపోయిన పిల్లలుంటారు. వయసు మీరిందని దత్తతకు ఎవరూ ముందుకు రాక, ఆశ్రమాల్లోనే పెరుగుతున్న పిల్లలుంటారు. అటువంటి బిడ్డను ఒక కుటుంబం తన ఇంట్లో వుంచుకుని, కొంతకాలం కన్నబిడ్డలా చూసుకోవటాన్ని ‘ఫాస్టర్ కేర్’ అంటారు. తాత్కాలిక పెంపకం అనుకుందాం.

ఈ పని చేద్దామని సరదాపడి వెళ్లిన కొందరు, అక్కడ అడిగే ప్రశ్నలు విని చిన్నబుచ్చుకుని తిరిగి వస్తుంటారు. ‘మంచిపని చేస్తామంటే మా మీదే ఇంత ఆరా ఏమిటి?’ అంటారు. ఆ ఆరా ఎందుకో కాస్త చూద్దాం.

మన దేశంలో ఈ వ్యవహారమంతా 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం జరుగుతుంది. జిల్లాకొక బాలల పరిరక్షణ విభాగం వుంటుంది. విచారించదలచినవారు అక్కడికి వెళ్లాలి. బిడ్డను ఇవ్వటమా, మానటమా అన్నది మాత్రం బాలల సంక్షేమ కమిటీ తేలుస్తుంది. అందులో ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు. వారిలో ఒక్క స్త్రీ అయినా వుండి తీరాలి.

వెళ్లగానే మొట్టమొదట అడిగేది, ‘మీకు బిడ్డ ఎందుకు కావాలి?’ అని. చాలా సంగతులు ఇక్కడే తేలిపోతాయి. పిల్లలు లేని దంపతులు వంశం నిలవాలని వస్తే, వారు వెళ్లవలసింది దత్తత దారిన. ఒక పిల్లవాడి చదువుకు సాయపడితే చాలుననుకునేవారికి, ఇంటికి తెచ్చుకోకుండానే ఖర్చు భరించే దారి వుంది. ఇక కొందరు, ‘పన్నెండేళ్ల పిల్లయితే ఇంట్లో చేతికింద సాయంగా కూడా వుంటుంది గదండీ’ అంటారు. వారికి అక్కడే నమస్కారం పెట్టి పంపించెయ్యాలి. అన్నం పెట్టి అంట్లు తోమించుకోవటం పెంపకం అనిపించుకోదు.

తరువాత అర్హతలు చూస్తారు. 2016 నాటి నిబంధనల్లో దంపతుల మాటే వుండేది. 2024లో వచ్చిన మార్గదర్శకాల్లో పెళ్లికానివారికీ, భర్త పోయినవారికీ, విడాకులు పొందినవారికీ కూడా అవకాశమిచ్చారు. అయితే వయసు 35 నుంచి 60 ఏళ్ల మధ్య వుండాలి. ఒంటరి మగవాడికి ఆడపిల్లను ఇవ్వరు. దంపతులైతే కనీసం రెండేళ్లు నిలకడగా కాపురం చేసివుండాలి. ఇద్దరికీ ఇష్టం వుండాలి. భార్య పోరు పడలేక భర్త సంతకం పెట్టిన ఇంట్లో ఆ బిడ్డ గతేమిటో మీరే ఊహించండి.

అటుపైన సోషల్ వర్కర్ మీ ఇంటికి వస్తారు. ఆవిడ వస్తున్నారని కొత్త తెరలు కట్టనక్కరలేదు. పిల్ల ఎక్కడ పడుకుంటుంది, ఎక్కడ చదువుకుంటుంది, బడినుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారు అన్నవి ఆవిడకు కావాలి. అత్తగారూ, మీ సొంత పిల్లలూ ఏమంటున్నారన్నది కావాలి. ‘నా గది దానికెందుకివ్వాలి?’ అని మీ అబ్బాయి మనసులో వుంటే, అది ముందే బయటపడటం మంచిది. ఇంట్లో వుండేవారందరికీ వైద్య పరీక్షలు చేయిస్తారు. క్షయ, కామెర్లవంటి అంటురోగాలు లేవని తేలాలి. రాబడి చూస్తారు. ఇలా తెలుసుకున్నవన్నీ నివేదికగా రాసి కమిటీకి పంపుతారు.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఒకటి వుంది. ‘రేపు కన్నతల్లి కోలుకుని వచ్చి అడిగితే, పంపిస్తారా?’ అక్రూరుడు వచ్చి పిలిచిన నాడు యశోద ఏంచేసిందో అదే చెయ్యాలి. పంపుతామని రాసి సంతకం పెట్టాలి. ‘ఒకసారి మా ఇంటికొస్తే మా పిల్లే, ఎవరికీ ఇవ్వం’ అనేవారి ప్రేమ గొప్పదే. కానీ ఈ పనికి ఆ ప్రేమ సరిపడదు.

మరో పక్క పిల్ల సంగతులు కూడా రాస్తారు. ఏ భాష మాట్లాడుతుంది, ఏం తింటుంది, దేనికి భయపడుతుంది, తోడబుట్టినవారున్నారా అని. అన్నాచెల్లెళ్లను వీలైనంతవరకు విడదీయరు. పిల్ల ఇష్టం కూడా కనుక్కుంటారు. ఇన్నీ కుదిరాకే కమిటీ ఉత్తర్వు ఇస్తుంది.

అంతటితో అయిపోదు. నెలనెలా వచ్చి చూడాలని చట్టమే చెబుతోంది. 2022 నాటి మిషన్ వాత్సల్య నిబంధనల ప్రకారం బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. అది బిడ్డ తిండికీ, బట్టకూ, చదువుకూ. రెండేళ్లు సవ్యంగా గడిచి, ఆ బిడ్డ దత్తతకు అర్హత వున్నదైతే, పెంచినవారే దత్తత కోరవచ్చు. ఇదివరలో అయిదేళ్లు ఆగవలసి వచ్చేది.

ఇప్పుడు చెప్పండి, ఈ ప్రశ్నల్లో ఏది అనవసరం? ఆ పిల్ల ఇప్పటికే ఒక ఇల్లు పోగొట్టుకుంది. ముచ్చటపడి తెచ్చుకుని, ఆర్నెల్లకు విసుగొచ్చి తిప్పి పంపితే రెండో ఇల్లూ పోతుంది. మొదటిసారి దురదృష్టం అనుకుంటుంది. రెండోసారి, తనలోనే ఏదో లోపం వుందనుకుంటుంది. ఆ రెండోసారి రాకుండా చూడటానికే ఇంత తతంగమూ.

ఒక హెచ్చరిక. ఆస్పత్రి ఆయా చెప్పిందనో, తెలిసినాయన ఇప్పిస్తానన్నాడనో బిడ్డను చేతులమీదుగా తెచ్చుకోకండి. దిక్కులేని బిడ్డను చట్టం చెప్పిన దారి తప్పి దత్తత చేసుకుంటే మూడేళ్లవరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దారిలో ఒంటరిగా పిల్ల కనిపిస్తే 1098కి ఫోన్ చెయ్యండి.

పెంచాలని మనసు పడితే మాత్రం, ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ కష్టమైన ప్రశ్న మీకు మీరే వేసుకోండి. జవాబు ‘పంపలేం’ అని వస్తే సిగ్గుపడనక్కరలేదు. సాయానికి వేరే దారులున్నాయి. ‘పంపగలం’ అని వస్తే, జిల్లా ఆఫీసుకు నిశ్చింతగా వెళ్లండి. వాళ్లడిగే ప్రశ్నల్లో సగానికి జవాబు మీ దగ్గర అప్పటికే వున్నట్టు.