ఎత్తేది ఒకరు

బరువులెత్తు పోటీని ఒకసారి చూచినవారు ఇది ఒంటరివాని ఆటయే అనుకొందురు. వేదికపై ఒక ఇనుప బారు, దాని ముందొక మనిషి. బంతి అందించుటకు తోటివాడు లేడు, అలసినపుడు బదులు దిగువాడు లేడు. అయితే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో ఈ విద్య పెరిగిన తీరు గమనించినచో ఆ మాట సగమే నిజమని మాకు తోచినది.

దేహబలమునందు ఆదరము ఈ ప్రాంతమునకు కొత్తది కాదు. నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామమూర్తినాయుడు విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసి, తరువాత సర్కసు నెలకొల్పి, ఉక్కుగొలుసులు తెంచి, రొమ్ముపై ఏనుగు నెక్కించుకొని దేశదేశముల పేరుగాంచినారు. సాము, గరిడీ, సంగిడీలెత్తుట గ్రామములలో పండుగనాటి వేడుకలు. ఆ వేడుకకు బలమున్న చాలును. నేటి క్రీడకు బలముతోపాటు మెలకువ కావలెను. ఆ మెలకువ కుదిరినదో లేదో మరొకరి కన్ను చూచి చెప్పవలెను.

ఇందు రెండు పద్ధతులు కలవు. స్నాచ్‌లో బారును నేలనుండి ఒకే ఊపున తలపైకి తీసికొనిపోవలెను. క్లీన్ అండ్ జెర్క్‌లో మొదట భుజములపైకి తెచ్చి, నిలద్రొక్కుకొని, పిదప తలపైకి నెట్టవలెను. ఒక్కొక్క పద్ధతికి మూడేసి అవకాశములు. రెండింటిలోని ఉత్తమ బరువులను కూడగా వచ్చినదే ఫలితము. స్త్రీల బారు 15 కిలోలు, పురుషులది 20. పోటీలో బారుపై బరువు పెరుగునే గాని తగ్గదు. తక్కువ కోరినవారు ముందు వత్తురు, ఎక్కువ కోరినవారు తరువాత.

ఈ వరుస బీద తాలింఖానాలకు కూడ ఎంతో అనుకూలము. బారు ఒక్కటే, అభ్యాసకులు ఆరుగురు అనుకొందము. ఇంచుమించు సమానబలము గలవారిని ఒక జట్టుగా చేర్చినచో వంతు వంతుకు బిళ్లలు చేర్చుచు పోవచ్చును. భారముగా ఎత్తినవారికి రెండుమూడు నిమిషముల విశ్రాంతి ఎటులను అవసరమే. ఆ వ్యవధిలోనే తక్కినవారి వంతులు గడచును. విశ్రాంతి యన్నను అది ఊరక కూర్చుండు సమయము కాదు. ఒకరు బిళ్లలు మార్చుదురు, ఒకరు లెక్క వ్రాయుదురు, ఒకరు ప్రక్కన నిలిచి బారు దేహమునకు దగ్గరగా లేచుచున్నదా, మోచేతులు ముందే వంగుచున్నవా అని చూతురు. క్షణములో ముగియు పని గనుక ఎత్తువారికి తమ తప్పు తెలియదు. సాయమనగానే చేయి వేయుట అనుకొనరాదు సుమా! బారు అదుపు తప్పినపుడు ఎత్తినవారు దానిని వదలి తప్పుకొనవలెను, తోటివారు ఎడముగా నిలువవలెను. పట్టుకొనబోయినచో ఇద్దరికిని దెబ్బ.

ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి పన్నెండేండ్ల ప్రాయమున నీలంశెట్టి అప్పన్నగారి వద్ద అభ్యాసము ప్రారంభించినారు. అక్కచెల్లెండ్రును బారు పట్టినవారే. తల్లి వెన్నుదన్నుగా నిలిచినారు. ఇంచుమించు ఆ కాలముననే, 1987లో, స్త్రీలకు మొదటి ప్రపంచ పోటీలు జరిగినవి. అనగా ఊసవానిపేట బాలిక ఆలస్యముగా వచ్చి చేరినది కాదు. ప్రపంచము కూడ అప్పుడే మొదలిడినది. 1994, 1995 సంవత్సరములలో ఆమె 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత అయినారు.

స్త్రీల బరువులెత్తు పోటీ ఒలింపిక్స్‌లో ప్రవేశించినది 2000లో, సిడ్నీలో. (ఈత, సైకిలు, పరుగు మూడింటిని వరుసగా జరుపు ట్రయాథ్లాన్ కూడ అప్పుడే చేరినది. అదియు పేరుకు ఒంటరి పందెమే. కాని సైకిలుపై ముందువాడు గాలిని చీల్చుకొని పోవగా వెనుకనున్నవానికి శ్రమ తగ్గును.) సెప్టెంబరు 19న 69 కిలోల తరగతిలో మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్యము పొందినారు. ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారత మహిళ ఆమెయే. బంగారు, వెండి పతకములు పొందిన ఇద్దరి మొత్తమును 242.5 కిలోలే! చివరి అవకాశమున ఆమె 137.5 కోరినారు. ఎత్తియుండినచో బంగారము వచ్చెడిది, బారు నిలువలేదు. ఒక్కసారిగా ఏడున్నర కిలోలు పెంచుట సరియా కాదా అని నేటికిని వాదించువారున్నారు. మాకు తోచినంతలో అది సాహసమే గాని తొందరపాటు కాదు.

ఇట్టి అంకెలు ఎత్తువారొక్కరే నిర్ణయించునవి కావు. తెర వెనుక శిక్షకుడు ఇతరులు ఎన్నిమార్లు ఎత్తవలసియున్నదో లెక్కించుచు, తనవారి సన్నాహపు ఎత్తులను దానికి సరిపోల్చుచుండును. తొందరపడి ముగించినచో ఒడలు చల్లబడును, ఆలస్యమైనచో అలసటతో వేదిక ఎక్కవలసి వచ్చును. పిలుపు వచ్చిన పిదప సాధారణముగా ఉండునది ఒక్క నిమిషమే.

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలములోని కొండవెలగాడ కూడ ఈ విద్యకు పేరుపడిన గ్రామము. అక్కడి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 53 కిలోల తరగతిలో 83, 105, వెరసి 188 కిలోలు ఎత్తినారు. మొదట దక్కినది కాంస్యము. ప్రథమస్థానము పొందిన క్రీడాకారిణి నిషిద్ధ ఔషధము వాడినట్లు తేలగా అది వెండిగా మారినది.

ఇండ్లలో తల్లిదండ్రులకు ఒక సందేహము కలుగును: పసివయసున బరువులెత్తినచో పిల్లలు పొడవు పెరుగరేమో యని. తగిన పర్యవేక్షణలో, వయసుకు మించని బరువుతో చేయించినచో పెరుగుదల ఆగునని చూపు ఆధారము లేదు. అసలు మంచి శిక్షకుడు తొలిదినములలో ఇనుము ముట్టనీయడు. చేతికొక కర్ర ఇచ్చి, కూర్చుండుట, లేచుట, మోచేతులు నిలుపుట నేర్పును. ఇంటివారు చేయవలసినది వేళకు అన్నము, చోడి అంబలి, కంటినిండ నిద్ర సమకూర్చుట. ఆడపిల్ల యైనచో, సాయంకాలము ఇంటిపని కొంత ఇతరులు పంచుకొని ఆమెను తాలింఖానాకు పంపుట.