వచ్చేసింది కదా.. ఇప్పుడు మానేసి ఏం లాభం?

క్యాన్సర్‌ అని తేలాక కూడా ఆసుపత్రి ప్రహరీ పక్కన నిలబడి దమ్ము లాగేవారు కనిపిస్తుంటారు. ‘రావాల్సింది వచ్చేసింది, ఇక మానేసి ఏం లాభం?’ అంటారు. మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలాగే అంటుంటే చెప్పండి, లాభం ఉంది. అదీ చికిత్సలోనే. పొగలోని కార్బన్‌ మోనాక్సైడ్‌ రక్తంలో ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. ఆక్సిజన్‌ అందని కణితి మీద రేడియేషన్‌ సరిగా పనిచేయదు. ఆపరేషన్‌ గాయం త్వరగా మానదు. ఎర్లోటినిబ్‌ వంటి మందులనైతే పొగతాగేవారి కాలేయం వేగంగా విడగొట్టేస్తుంది, రక్తంలో మందు మోతాదు పడిపోతుంది. క్యాన్సర్‌ బాధితుల్లో పొగ మరణం ముప్పు పెంచుతుందని అమెరికా సర్జన్‌ జనరల్‌ నివేదిక 2014లోనే తేల్చింది. బీడీ, చుట్ట, ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దావిడలు తాగే అడ్డపొగ.. ఏదీ మినహాయింపు కాదు.

అలాగని తిట్టకండి. ‘నా చేజేతులా తెచ్చుకున్నా’ అన్న బాధ అప్పటికే వారిని తినేస్తుంటుంది. తిడితే మానరు, దాస్తారు. డాక్టరు దగ్గరా దాస్తారు, అదే అసలు ప్రమాదం. నిద్రలేచిన అరగంటలోపే మొదటి సిగరెట్‌ వెలిగిస్తున్నారంటే నికోటిన్‌ పట్టు గట్టిగా ఉన్నట్టే. అలాంటివారికి మనోబలం ఒక్కటే చాలదు, మందుల సాయం కావాలి. నోట్లో పుండ్లుంటే నికోటిన్‌ గమ్‌ మంటపెడుతుంది, ప్యాచ్‌ నయం. ఫిట్స్‌ వచ్చేవారికి, మెదడులో కణితి ఉన్నవారికి బుప్రోపియాన్‌ మాత్ర పనికిరాదు. కాబట్టి ఏది వాడాలన్నా క్యాన్సర్‌ డాక్టరును అడిగాకే.

మొదటి వారం చిరాకు, నిద్రపట్టకపోవటం ఎక్కువ. అప్పుడు ఇంటివాళ్లే కాస్త ఓర్చుకోవాలి. తాగాలన్న కోరిక వచ్చినా కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి. జాతీయ క్విట్‌లైన్‌ 1800-11-2356కు ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు. ఇంట్లో కాల్చేవారు ఇంకెవరైనా ఉంటే వారూ అదే రోజు మానేయాలి. నాన్నను మానమని చెప్పి, కొడుకు బాల్కనీలో వెలిగిస్తే ఆ వాసన గదిలోకి రాకుండా ఉండదు.