వెనక్కి పంపినవారికి గండం ఎక్కడ? శ్రీలంక తమిళుల అనుభవం ఏం చెబుతోంది

2025 మే 19న సుప్రీంకోర్టు ఒక శ్రీలంక తమిళుడి పిటిషన్‌ను తోసిపుచ్చింది. ఉపా కేసులో శిక్ష పూర్తయిన ఆయన్ను స్వదేశానికి పంపించాల్సి ఉంది. ఒకప్పుడు ఎల్‌టీటీఈ తరఫున పోరాడానని, అక్కడికి వెళ్తే ప్రాణాలకే ముప్పని ఆయన మొర. వేరే ఏదైనా దేశం చూసుకోమంది ధర్మాసనం.

తమిళనాడులో తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాలకు శ్రీలంక శరణార్థి శిబిరాలు కొత్త కాదు. అందుకే ఈ వార్త చదివిన చాలామందికి ఒకటే సందేహం: యుద్ధం 2009 మేలోనే ముగిసింది కదా, ఇంకా భయమేమిటి?

తిరస్కరించారంటే ప్రమాదం లేదనా?

కాదు. ఆశ్రయం కోరినవారు తమకు ముప్పుందని అధికారిని నమ్మించాలి. ప్రాణభయంతో పారిపోయి వచ్చిన మనిషి దగ్గర అరెస్టు కాగితాలు, ఆసుపత్రి చీటీలు ఉండకపోవచ్చు. చెప్పిన తేదీల్లో తేడా వచ్చినా దరఖాస్తు పోతుంది. బతుకుతెరువు కోసం వెళ్ళి ఆశ్రయం అడిగేవారూ ఉంటారు, అదీ నిజమే. ఈ ఇద్దరినీ వేరుచేయడంలో పొరపాటు జరిగితే మూల్యం చెల్లించేది దరఖాస్తుదారే.

అందుకే అంతర్జాతీయ చట్టంలో ఇంకో రక్షణ ఉంది. శరణార్థి హోదా దక్కకపోయినా, చిత్రహింసలకు గురయ్యే ప్రమాదం నిజంగా ఉన్న చోటికి ఎవరినీ పంపకూడదని ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం 3వ అధికరణం చెబుతోంది. భారత్ దీనిమీద 1997లో సంతకం చేసింది కానీ ఇప్పటికీ ఆమోదించలేదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో అసలు చేరనే లేదు.

బ్రిటన్‌లో ఏం తేలింది?

యుద్ధం తర్వాత బ్రిటన్ చాలామంది తమిళుల దరఖాస్తులు తిరస్కరించి, ప్రత్యేక విమానాల్లో కొలంబో పంపింది. బ్రిటన్ నుంచి, మరికొన్ని దేశాల నుంచి తిప్పి పంపినవారిలో 8 మంది చిత్రహింసలకు గురయ్యారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2012 ఫిబ్రవరిలో వెల్లడించింది. ఇలాంటి ఆధారాలు పెరగడంతో 2013 ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు ఈ తరలింపులకు అడ్డుకట్ట వేసింది.

అదే ఏడాది జులైలో అక్కడి అప్పర్ ట్రైబ్యునల్ కీలకమైన తీర్పు ఇచ్చింది. శ్రీలంక భద్రతా దళాల నిర్బంధంలోకి వెళ్ళిన మనిషికి హింస ముప్పు నిజంగానే ఉందని తేల్చింది. అయితే తమిళులైనంత మాత్రాన అందరికీ ముప్పున్నట్టు కాదని, వీరికి మాత్రం ఉందని చెప్పింది:

- విదేశాల్లో తమిళ వేర్పాటు ఉద్యమంలో ముఖ్యపాత్ర ఉన్నవారు, ఉందని ప్రభుత్వం అనుమానించేవారు
- ప్రభుత్వాన్ని విమర్శించిన పాత్రికేయులు, హక్కుల కార్యకర్తలు
- యుద్ధనేరాల గురించి శ్రీలంక విచారణ కమిషన్ ముందు భద్రతా దళాలకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినవారు
- అరెస్టు వారెంటు లేదా కోర్టు ఉత్తర్వు ఉండి, విమానాశ్రయంలోని ‘స్టాప్’ జాబితాలో పేరు చేరినవారు

కొలంబోలో దిగితే గండం గడిచినట్టేనా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. స్టాప్ జాబితాలో ఉన్నవారిని విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. మిగతావారికి అసలు ముప్పు సొంత ఊరు చేరాకే అని ట్రైబ్యునల్ స్పష్టంగా చెప్పింది. కొద్దిరోజుల్లో సీఐడీవాళ్ళో పోలీసులో ఇంటికొచ్చి వాకబు చేస్తారు. అప్పటికి తిప్పి పంపిన దేశపు అధికారులు ‘క్షేమంగా దిగారు’ అని ఫైలు మూసేసి ఉంటారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పాస్‌పోర్టు లేనివారికి తాత్కాలిక ప్రయాణ పత్రం కావాలి. అది ఇవ్వాల్సింది శ్రీలంక హైకమిషనే. అంటే ఎవరికి భయపడి పారిపోయారో ఆ ప్రభుత్వానికే, మనిషి విమానం ఎక్కకముందే వివరాలన్నీ అందుతాయి. విదేశాల్లో ఎవరు ఊరేగింపుల్లో నడిచారో, ఎవరు ఉద్యమం నడుపుతున్నారో కనిపెట్టడానికి నిఘా ఉండనే ఉంది.

ఊరేగింపుకు వెళ్ళినంత మాత్రాన ముప్పు వచ్చిపడదు. కానీ ఊరు విడిచినప్పుడు ఏ రాజకీయమూ తెలియని యువకుడు లండన్ వెళ్ళాక ఉద్యమంలో చేరితే, ముప్పు అక్కడే పుడుతుంది. 2021లో అదే ట్రైబ్యునల్ మరో మాట చేర్చింది: మనిషి నిజంగా నమ్మిన రాజకీయ అభిప్రాయాన్ని దాచుకుని బతకమని చెప్పి వెనక్కి పంపకూడదు.

తమిళనాడు శిబిరాలవారి సంగతి

మన దేశంలో ఆశ్రయానికి ప్రత్యేక చట్టం లేదు. శిబిరాల్లో ఉన్నవారు ప్రభుత్వ ఉత్తర్వుల దయమీదే ఉన్నారు. వారిలో ఎక్కువమందికి రాజకీయాలతో సంబంధం లేదు. అయినా, పడవ మీద దేశం దాటడమే శ్రీలంకలో వలసల చట్టం కింద నేరం. 2025 మేలో తమిళనాడు నుంచి స్వచ్ఛందంగా తిరిగి వెళ్ళిన ఒక పెద్దాయన్ను ఈ కారణంతోనే జాఫ్నా దగ్గరి పలాలి విమానాశ్రయంలో అరెస్టు చేశారు. మామూలు మనిషికే ఇలా ఉంటే, ఎల్‌టీటీఈలో పనిచేశానని కోర్టులోనే చెప్పుకున్నవారి పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. విచారణ లేకుండా నెలల తరబడి నిర్బంధించే 1979 నాటి ఉగ్రవాద నిరోధక చట్టం ఎన్ని ప్రభుత్వాలు మారినా అక్కడ కొనసాగుతూ వచ్చింది.

శ్రీలంక అనుభవం చెప్పేది ఇదే. యుద్ధం ముగిసిందా అని అడిగితే సరిపోదు. ఈ మనిషి పేరు ఎవరి జాబితాలో ఉంది, ఊరు చేరిన వారం తర్వాత ఆయన తలుపు ఎవరు తడతారు అన్నది కూడా విమానం ఎక్కించకముందే విచారించాలి.