ప్రచారం ఆపడం కూడా ప్రచారమేనా? 2008లో మెకెయిన్ వేసిన ఎత్తు

ఈ ఎపిసోడ్‌లో ఒక్క ప్రశ్నే తీసుకుంటున్నాను. పోలింగ్‌కి ఆరు వారాలు కూడా లేవు. అప్పుడు ఒక అభ్యర్థి వచ్చి "రాజకీయం పక్కన పెడుతున్నా, ప్రచారం ఆపేస్తున్నా" అన్నాడనుకోండి. దాన్ని త్యాగం అనాలా, ఎత్తుగడ అనాలా?

ఇది అమెరికాలో నిజంగా జరిగింది. 2008 సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. అదే రోజు రిపబ్లికన్ అభ్యర్థి జాన్ మెకెయిన్, ఆర్థిక వ్యవస్థ పునాదులు గట్టిగానే ఉన్నాయన్నారు. ఒబామా వర్గం ఆ మాటని వదిలిపెట్టలేదు. తర్వాత ఆర్థిక మంత్రి హెన్రీ పాల్సన్ బ్యాంకులని ఆదుకోడానికి 70,000 కోట్ల డాలర్లు కావాలని కాంగ్రెస్‌ని అడిగారు. అక్కడున్న మన తెలుగువాళ్ళకి కూడా ఇది ఉత్త టీవీ వార్త కాదండీ. ఉద్యోగం, దాని మీద ఆధారపడ్డ వీసా, రిటైర్మెంట్ ఖాతాలో దాచుకున్న డబ్బు, అన్నీ ఇందులో ముడిపడి ఉన్నాయి.

సెప్టెంబర్ 24న మెకెయిన్ ప్రకటించారు: ప్రచారం ఆపి వాషింగ్టన్ వెళ్తున్నా, 26న జరగాల్సిన డిబేట్ వాయిదా వెయ్యండి అని.

ఇందులో రాజకీయ లాభం ఎక్కడుంది? మొదటిది, సర్వేలు. ఆ రోజు పొద్దున వచ్చిన వాషింగ్టన్ పోస్ట్-ఏబీసీ సర్వేలో ఒబామాకి 52, మెకెయిన్‌కి 43 శాతం. ఆర్థికం మీద చర్చ సాగేకొద్దీ నష్టం ఆయనకే. రెండోది, ఆయన నినాదమే "దేశమే ముందు". దాన్ని చేసి చూపించే అవకాశం ఇది. మూడోది, బుష్ పార్టీ మనిషి అన్న ముద్ర. ఒప్పందం తనే కుదిర్చితే ఆ ముద్ర కొంత చెరుగుతుంది. నాలుగోది, ఒబామాని ఇరకాటంలో పెట్టడం. ఆయన ఆపకపోతే స్వార్థపరుడు, ఆపితే మెకెయిన్ వెనక నడిచినవాడు. కానీ ఒబామా ఈ రెండూ కాకుండా, అధ్యక్షుడన్నవాడు ఒకేసారి ఒకటికి మించిన పనులు చూసుకోగలగాలి అన్నారు. దాంతో ఎత్తు తిరగబడింది.

అయితే ఇదంతా ఒట్టి నాటకమే అని నేను అనను. ప్రతినిధుల సభలో రిపబ్లికన్లు ఆ బిల్లుకి నిజంగానే ఎదురు తిరిగారు. మొత్తం నింద మేమే మొయ్యాలా అని డెమోక్రాట్లు జంకారు. సొంత పార్టీ వాళ్ళని ఒప్పించడానికి అభ్యర్థి వెళ్ళడంలో అర్థముంది. ఉద్దేశాలు కలగలిసే ఉంటాయి. మనిషి మనసులోకి తొంగిచూడలేం. చేసిన పనిని మాత్రం చూడొచ్చు.

ఏం చేశారు? వెంటనే వాషింగ్టన్ బయల్దేరలేదు. డేవిడ్ లెటర్‌మన్ షోకి రానని చెప్పి, అదే సాయంత్రం న్యూయార్క్‌లోనే సీబీఎస్‌కి ఇంటర్వ్యూ ఇచ్చారు. లెటర్‌మన్ ఆ దృశ్యాన్నే తన షోలో చూపించి ఆటపట్టించాడు. 25న వైట్‌హౌస్‌లో బుష్, ఒబామా, కాంగ్రెస్ నాయకులు అందరూ కూర్చున్న సమావేశంలో మెకెయిన్ పెద్దగా మాట్లాడలేదు, బిల్లు మీద తన వైఖరి తేల్చలేదు. సమావేశం గొడవతో ముగిసింది. ఒప్పందం కుదరకుండానే 26న ఆయన డిబేట్‌కి వెళ్ళారు. 29న బిల్లు 228-205తో ఓడిపోయింది. రిపబ్లికన్లలో 133 మంది వ్యతిరేకించారు, 65 మందే మద్దతిచ్చారు. ఆ రోజు డౌ జోన్స్ 777 పాయింట్లు పడింది. మార్పులు చేశాక అక్టోబర్ 3న బిల్లు నెగ్గింది. నవంబర్‌లో మెకెయిన్ ఓడిపోయారు.

కాబట్టి రేపు ఏ నాయకుడైనా, ఏ దేశంలోనైనా, "రాజకీయం పక్కన పెట్టాను" అంటే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆపానన్నది నిజంగా ఆగిందా? వెళ్ళిన చోట ఆయన చేతిలో ఏదైనా ఉందా? ఆపకముందు ఆయన గెలుస్తున్నాడా, ఓడుతున్నాడా? మూడో ప్రశ్న ఒక్కటే వేస్తే మనం ప్రతివాడినీ అనుమానించేవాళ్ళమే అవుతాం. మొదటి రెండూ కలిపి అడిగితేనే న్యాయంగా ఉంటుంది. మెకెయిన్ విషయంలో ఆయన్ని దెబ్బతీసింది ఉద్దేశం కాదని నా అభిప్రాయం. అంత పెద్ద మాట అన్నాక చూపించడానికి చేతిలో ఏమీ లేకపోవడం.

మీరేమంటారో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.